ముందే కాల్చిన గొర్రెపిల్ల

నీష్ పట్నంలోని ఆ కంపెనీ తయారుచేసిన ప్రతి ప్రాసెసర్‌కూ సగం తెలివి ఇచ్చింది వుకాషిన్, పేరు తీసుకున్నది మాత్రం వేరేవాళ్ళు. ఇందులో వాదించడానికేమీ లేదు. చీఫ్ ఆర్కిటెక్ట్ కుర్చీ ఖాళీ అయినప్పుడల్లా ఇంకెవరో వచ్చి అందులో కూర్చున్నారు. ఒకసారి బెల్‌గ్రేడ్ నుంచి వచ్చినవాడు, ఇంకోసారి మ్యూనిక్‌లో చదివొచ్చినవాడు, మరోసారి ఊరికే పొడుగ్గా ఉన్నవాడు. వుకాషిన్ చదివింది స్వర్లిగ్ కొండల్లోని పల్లె బడిలో. అన్ని తరగతులకూ ఒకే గది, ఒకే పొయ్యి, ఒకే బెత్తం. భార్య రుజిత్సా బతికున్నంతకాలం, "నోరు తెరిచి అడగవయ్యా, అడిగితే నాలుక అరిగిపోతుందా?" అంటూనే ఉంది. ఆయన అడగలేదు. ఆమె పోయినప్పుడు కంపెనీ పంపిన పూలదండ, మట్టి కప్పేసిన మర్నాడు వచ్చింది. ఆయన దాన్నీ మర్చిపోలేదు.

ఆ శుక్రవారం కుర్చీ మళ్ళీ ఖాళీగా ఉంది. పొడుగాయన జర్మనీ వెళ్ళిపోయాడు. మధ్యాహ్నం పెద్ద హాల్లో అందరినీ పోగుచేసి, కొత్త పేరు చెప్పబోతోంది డైరెక్టర్ ఒలివెరా. పోటీలో ఉన్నది ఇద్దరే. ఒకరు వుకాషిన్, రెండోవాడు ఆయనకంటే ఇరవయ్యేళ్ళు చిన్నవాడైన నెబోయ్షా. ఈసారి కుర్చీ తనదేనని వుకాషిన్‌కు ఏ అనుమానమూ లేదు.

అనుమానం లేకపోవడం ఆయన వృత్తి. ప్రాసెసర్ పని చేసుకుంటూ పోతుంటే దారిలో చీలికలు వస్తాయి. ఫలానాది నిజమైతే ఇటు, కాకపోతే అటు. నిజమో కాదో తేలేదాకా చేతులు కట్టుకుని కూర్చుంటే ఆ యంత్రాన్ని ఎవరూ కొనరు. అందుకని పాత నడత చూసి, ఎటు వెళ్తుందో ముందే ఊహించి, ఆ దారిలో పని మొదలుపెట్టేయాలి. ఊహ ఫలిస్తే అంత సమయం మిగిలినట్టే. తప్పితే, చేసినదంతా తుడిచేసి రెండో దారి పట్టాలి. ఆ ఊహించే భాగాన్ని గీసి, దిద్ది, జీవితమంతా నడిపినవాడు వుకాషిన్. ఆయన ఊహలు తప్పడం అరుదు. ఆ సంగతి ఆయన ఎవరికీ చెప్పేవాడు కాదు. అందరికీ తెలిసి ఉండాలనుకునేవాడు.

ఒలివెరా నడత వారం రోజులుగా గమనిస్తున్నాడు. మెట్ల దగ్గర ముందుగా తానే పలకరిస్తోంది. ఆరోగ్యం ఎలా ఉందని అడిగింది. నిన్న ఏకంగా ఆయన కోసం తలుపు పట్టుకుని నిలబడింది. ఇన్నేళ్ళలో ఏ డైరెక్టరూ ఆయనకు తలుపు పట్టలేదు. ఇక లెక్క తేలిపోయింది.

నీష్‌లో ఒక పద్ధతి ఉంది. మంచి కబురు ఎవరికి వస్తే వాళ్ళే అందరికీ తిండి పెట్టాలి, అదీ ఆ రోజే. మర్నాడు పెడితే పిసినారి అంటారు, ఆ పేరు పిల్లల పిల్లలకీ పోదు. గొర్రెపిల్ల నిప్పుమీద కాలడానికి సగం రోజు పడుతుంది. పేరు ప్రకటించాక చెబితే అది కాలేసరికి అందరూ ఇళ్ళకు పోతారు. కాబట్టి వుకాషిన్ తన విద్య ప్రకారమే పొద్దున్నే పథకం వేసుకున్నాడు. ముందు గొర్రెపిల్లను కాల్చమని చెప్పేయాలి. సూటు వేసుకోవాలి. చీఫ్ గదిలోకి మారడానికి బల్ల ఖాళీ చేసి పెట్టుకోవాలి. ఒకవేళ ఊహ తప్పితే అన్నీ వెనక్కి తిప్పేయాలి. ఎవరికీ తెలియదు, ఏమీ మిగలదు.

బోజా కాల్చిన మాంసం అమ్మే కొట్టు ఆఫీసు దారిలోనే ఉంది. బోజాది వుకాషిన్ పల్లే. ఇద్దరూ ఆ ఒక్క పొయ్యి దగ్గరే చలి కాచుకున్నవాళ్ళు.

"ఏరా, ఎవరు పోయారు?" అన్నాడు బోజా, ఆయన సూటు చూసి.

"ఎవరూ పోలేదు. గొర్రెపిల్ల కావాలి. మధ్యాహ్నానికి ఆఫీసుకి పంపు."

బోజా చేతిలో ఉప్పు చేతిలోనే ఉండిపోయింది. "నువ్వా? మొత్తం పిల్లా? తొడ ముక్క కాదూ?"

"మొత్తం."

"ఏంట్రా విశేషం?"

"ఇంకా తేలలేదు."

"తేలకుండానే కాల్పిస్తున్నావా?"

"తేలాక మొదలుపెడితే చీకటి పడుద్ది. కాదని తేలితే ఫోన్ చేసి వద్దంటాను."

"నిప్పుమీదకెక్కాక వద్దంటే అది లేచి మందలోకి పోద్దంట్రా?"

"ఎక్కించకముందే చెప్తాలే" అని వుకాషిన్ బయల్దేరాడు. గుమ్మం దాటుతుంటే బోజా వెనకనుంచి అరిచాడు. "ఒరేయ్! రుజిత్సా పోయాక నువ్వు నాకు కాఫీ కూడా పోయించలేదు, గుర్తుందా?"

గుర్తుంది. ఆయన వెనక్కి చూడలేదు.

ఆఫీసులో ఇంకా ఎవరూ లేరు. సొరుగుల్లోని సామాను, గోడమీది బొమ్మలు, రుజిత్సా ఇచ్చిన కప్పు, అన్నీ ఒక సంచిలో సర్దాడు. బల్లమీద వస్తువులు ఉన్నచోట్లు తప్ప మిగతాదంతా దుమ్ము. సంచి బల్లకిందికి తోసి కూర్చున్నాడు.

కాసేపటికి నెబోయ్షా వచ్చాడు. అతనిది మెమరీ విభాగం. ప్రాసెసర్‌కు మాటిమాటికీ కావలసినదాన్ని చేతికందేంత దగ్గర్లో దాచిపెట్టడం అతని విద్య. అలవాటు మనిషిలోకీ పాకింది. అతని సొరుగులో ఎప్పుడూ బురెక్ అనే మాంసం పొరల రొట్టె ముక్క ఒకటి, రెండు ఉల్లిపాయలు, పెరుగు డబ్బా ఉంటాయి.

"సూటా పెద్దాయనా! మా కళ్ళు పేలిపోవా?" అన్నాడు నెబోయ్షా నోట్లో బురెక్‌తో.

"నీ పని చూసుకో."

వీళ్ళిద్దరికీ పాత తగాదా ఒకటి ఉంది. ఊహ తప్పిన పనిని తుడిచేశాక ఏమీ మిగలదంటాడు వుకాషిన్. నెబోయ్షా ఒప్పుకోడు. "మీరు తుడుస్తారు పెద్దాయనా. కానీ ఆ తొందర్లో నా అరల్లోంచి ఏవేవో తీయించి ముందు పెట్టేసుంటారు. అవి అలాగే పడుంటాయి. తెలివైనోడు వాటిని చూసి, మీరేం ఊహించారో ఇట్టే చెప్పేస్తాడు" అంటాడు. "తుడిచిందంటే తుడిచిందే" అని వుకాషిన్ మీటింగులోంచి లేచిపోతాడు. దీనిమీద వాళ్ళు మూడు ప్రాసెసర్ల కాలంగా కొట్టుకుంటున్నారు.

పది దాటాక వుకాషిన్ కాఫీకని లేచాడు. డైరెక్టర్ గది తలుపు ఓరగా తెరిచి ఉంది. లోపల్నుంచి ఒలివెరా గొంతు స్పష్టంగా వినబడింది.

"మీ అమ్మగారు తప్పకుండా రావాలి నెబోయ్షా. ముందు వరసలో కుర్చీ వేయించాను."

"వస్తుందండీ. పొద్దున్నే టోపీ కొనడానికి బజారుకెళ్ళింది."

వుకాషిన్ కప్పు పట్టుకుని అక్కడే ఆగాడు. ఓడిపోయే కొడుకుని చూడమని తల్లిని ఎవరూ పిలవరు. టోపీ కూడా కొనిపించరు. వారం రోజుల పలకరింపులు, పట్టిన తలుపు ఒక్క క్షణంలో అర్థం మార్చుకున్నాయి. అది గౌరవం కాదు, జాలి. ఊహ తప్పింది, అంతే. తప్పినప్పుడు ఏం చేయాలో ఆయనకంటే బాగా ఎవరికీ తెలియదు. వెంటనే తుడవాలి.

తన గదికి వెళ్ళి సంచిలోంచి సామాను తీసి, ఎక్కడివక్కడ పెట్టాడు. టై విప్పి జేబులో కుక్కాడు. బోజాకు ఫోన్ చేశాడు.

"వద్దురా."

"ఏది వద్దు?"

"గొర్రెపిల్ల."

"ఎప్పుడో ఎక్కించేశానురా! చర్మం ఎర్రగా తిరుగుతుంది. పైగా మీ మిలుంకా వచ్చి ఇంకోటి కూడా ఎక్కించమంది. ఒకటి చాలదంట."

"మిలుంకానా? ఆమెకెవరు చెప్పారు?"

"నేనే. ఆదివారానికి మాంసం కోసం వచ్చింది. మీ బావ సూటేసుకొచ్చి మొత్తం పిల్లని కాల్చమన్నాడని చెప్పా. అక్కడే స్టూలు మీద కూలబడిపోయింది. మంచినీళ్ళిచ్చాను. తర్వాత బాకాల మేళంవాళ్ళకి ఫోన్ చేస్తా వెళ్ళింది."

"మేళం ఎందుకు?"

"నీకు తెలియాలి! నాకు చెప్పకుండా దాచింది నువ్వేరా."

మిలుంకా రుజిత్సాకు చెల్లెలు. పై అంతస్తులో ఉంటుంది. వుకాషిన్ చొక్కాలకు బొత్తాలు కుడుతుంది, ఆయన్ని తిడుతుంది, ఈ రెండూ ఎప్పుడూ ఆపలేదు. బోజా ఫోన్ పెట్టేయగానే ఆమె ఫోన్ వచ్చింది.

"బావా, సూటు జేబుల్లో కలరా ఉండలున్నాయేమో చూసుకో. వాసనకి పారిపోగలదు."

"ఎవరు?"

"ఏం తెలీనట్టు! ఆవిడది ఏ ఊరు? పీరోత్ కాదు కదా? పీరోత్ మనిషైతే ముందే చెప్పు, ఇంట్లో బల్బులు కూడా లెక్కపెట్టి వెలిగిస్తారు వాళ్ళు."

"మిలుంకా, ఏం మాట్లాడుతున్నావ్?"

"నేనేం ఏడవట్లేదు. అక్క పోయి నాలుగేళ్ళయింది, నీ తప్పేం లేదు. ఒక్క ముక్క చెప్పు చాలు. ఇక్కడే ఉంటారా, ఇల్లు వదిలి పోతారా?"

వుకాషిన్‌కు ఫోన్‌లో వివరించడం చేతకాదు. ఎదురుగా ఉన్నా చేతకాదు. "ఇంటికొచ్చాక మాట్లాడదాం" అని పెట్టేశాడు. మిలుంకా లెక్కలో అది ఒప్పుకోవడమే.

తర్వాత జరిగింది ఆయనకు అప్పటికి తెలియలేదు. మిలుంకాకు ఆ ఆఫీసులో తెలిసిన మనిషి నెబోయ్షా ఒక్కడే. ఏటా వుకాషిన్ ఇంటి పండగకు వచ్చి రెండుసార్లు వడ్డించుకునే మనిషి. అతనికి ఫోన్ చేసింది. పెళ్ళి అనే మాట పరాయివాడి దగ్గర ఎత్తడం పరువుతక్కువ. అందుకని, "మా బావ ఇల్లు వదిలి పోతున్నాడు నాయనా. ఈవేళ మీ అందరికీ గొర్రెపిల్లని కాల్పిస్తున్నాడు. మీకు తెలిసే ఉంటుంది, నా దగ్గర దాయకండి" అని ముక్కు చీదింది.

నెబోయ్షాకు ఏమీ తెలియదు. కానీ తెలుసుకోవడం ఎలాగో తెలుసు. వుకాషిన్ లేనప్పుడు ఆయన గదిలోకి వెళ్ళాడు. సామానంతా ఉంది. అయితే ఏదీ తన చోట లేదు. దుమ్ములో గుండ్రటి గుర్తు ఒకచోట ఉంటే కప్పు ఇంకోచోట ఉంది. గోడమీది బొమ్మ తలకిందులుగా వేలాడుతోంది. ఈ బల్లను ఇవాళ ఎవరో ఖాళీ చేసి మళ్ళీ నింపారు. సూటు వేసుకొచ్చాడు. ఇల్లు వదిలి పోతున్నాడు. అందరికీ విందు పెడుతున్నాడు. నెబోయ్షా తల పట్టుకుని నేరుగా ఒలివెరా దగ్గరికి పరుగెత్తాడు.

"మేడమ్, పెద్దాయన వేరే కంపెనీకి వెళ్ళిపోతున్నాడు!"

"ఎవరు చెప్పారు?"

"దుమ్ము చెప్పింది మేడమ్. నేను అలాంటి గుర్తులమీద బతికేవాణ్ణి, పొరపడను. ఇవాళే చెప్పేస్తాడు, విందు కూడా రెడీ. ఆయన పోతే కొత్త ప్రాసెసర్ గుడ్డిది. ఆ ఊహల భాగం ఆయన బుర్రలో తప్ప ఎక్కడా లేదు. ఆ కుర్చీ నాకిచ్చి నన్ను ముంచకండి, మీకు దణ్ణం పెడతాను!"

మధ్యాహ్నం భోజనానికి ముందు వుకాషిన్‌కు డైరెక్టర్ దగ్గర్నుంచి పిలుపొచ్చింది. నెబోయ్షాకు ఇస్తున్నానని మెత్తగా చెప్పి, నీళ్ళు తాగమంటుంది కాబోలు అనుకున్నాడు. వెళ్ళి నిలబడ్డాడు. ఒలివెరా ముఖం పాలిపోయి ఉంది.

"కూర్చోండి వుకాషిన్ గారూ. మీరు వెళ్ళిపోతున్నారని విన్నాను. నిజమేనా?"

"ఎవరన్నారు?"

"మీ బల్లమీది దుమ్ము చూసి అందరూ అంటున్నారు."

"అయితే వాళ్ళనే అడగండి."

"మిమ్మల్ని అడుగుతున్నాను. మేం ఏం తక్కువ చేశాం?"

ఊరుకుందామనే అనుకున్నాడు. అడిగారు గనుక చెప్పాడు. ఇన్నేళ్ళలో ఆ గదిలో ఆయన అంత పొడుగు మాట మాట్లాడలేదు.

"నా భార్య పోయినప్పుడు మీ దండ మర్నాడు వచ్చింది. శ్మశానం కాపలావాడు గేటు తీయకపోతే గోడకి ఆనించి పోయారు. నేనే లోపలికి తీసుకెళ్ళాను. మీ యంత్రాలు ముందేం జరుగుతుందో చూసుకుని నడవడానికి కారణం నేను. నన్ను మాత్రం ఈ కంపెనీలో ఎవరూ ముందు చూడలేదు. ఆ కుర్చీ నాది. మూడుసార్లూ నాదే. ఇవాళ కూడా నాదే."

ఆయన లేచాడు. అడిగేశాడు. రుజిత్సా చెప్పినంత తేలిక కాదు ఆ పని.

హాల్లో జనం నిండారు. ముందు వరసలో కొత్త టోపీ పెట్టుకుని నెబోయ్షా తల్లి వెలిగిపోతోంది. వుకాషిన్ ఆఖరి వరసలో గోడకు ఆనుకుని నిలబడ్డాడు. ఇంతలో వరండాలోంచి కాల్చిన మాంసం వాసన దూసుకొచ్చింది. దాని వెనక రెండు గొర్రెపిల్లల్ని పళ్ళేల్లో మోయించుకుంటూ బోజా వచ్చాడు. బోజా వెనక పట్టుచీరలాంటి మెరుపు గౌనులో, కళ్ళు వాచిపోయి మిలుంకా. ఆమె వెనక బాకాల మేళం. మేళంవాళ్ళకు పెళ్ళి అని చెప్పారు కాబట్టి వాళ్ళు గుమ్మంలోనే పెళ్ళి పాట ఎత్తుకున్నారు. కిటికీ అద్దాలు గలగలమన్నాయి.

"ఆపండయ్యా!" అని ఒలివెరా అరిచింది. ఒక్క పెద్ద డోలు తప్ప అందరూ ఆపారు. తర్వాత డోలు కూడా ఆగింది.

"మన కొత్త చీఫ్ ఆర్కిటెక్ట్" అంది ఒలివెరా, ఊపిరి పీల్చుకుని, "వుకాషిన్ గారు."

అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది నెబోయ్షా. చేతులు పైకెత్తి మరీ కొట్టాడు. అతని తల్లి అటూ ఇటూ చూసి, పక్కావిడని అడిగింది. "మావాడి పేరు తర్వాత పిలుస్తారా?"

వుకాషిన్‌ను ముందుకు తోశారు. ఒలివెరా కాగితం చుట్టిన చట్రం ఒకటి ఆయన చేతిలో పెట్టింది. చీఫ్ ఆర్కిటెక్ట్ అయినవాళ్ళకు పాత చిప్పుల పలకను చట్రంలో బిగించి, పేరు చెక్కించి ఇవ్వడం కంపెనీ ఆచారం. "ఇంటికెళ్ళి విప్పండి" అని ఆమె గొంతు తగ్గించి చెప్పింది. వుకాషిన్ అక్కడే విప్పాడు.

పలకమీద నెబోయ్షా పేరుంది. అక్షరాలు చక్కగా, లోతుగా చెక్కారు. చెక్కడానికి కనీసం వారం పట్టి ఉంటుంది.

ఆయన ఆ పేరు మొత్తం చదివాడు. అన్నీ ఒకదానివెంట ఒకటి తేలిపోయాయి. పొద్దున తన ఊహ తప్పు. తప్పని తేలి, తానే తుడిచేశాడు. తుడిచినా పోని దుమ్ము గుర్తులు చూసి వీళ్ళందరూ దారి మార్చుకుని, ఆయన తప్పును ఒప్పు చేశారు. జీవితమంతా ఊహలు సరిగ్గా వేసి ఏమీ సంపాదించనివాడు, ఒక్క తప్పుడు ఊహతో కుర్చీ ఎక్కాడు.

"పెళ్ళికూతురేది బావా?" అని మిలుంకా వెనకనుంచి అడిగింది.

"లేదు."

"లేదా? అయితే ఈ మేళం?"

"నువ్వే పిలిచావు."

మిలుంకా ఆయన ముఖంలోకి చూసింది. ఆ తర్వాత ఏడుస్తూ నవ్వింది, నవ్వుతూ ఆయన భుజంమీద రెండు దెబ్బలు వేసింది. "ముందే చెప్పి చావొచ్చు కదా! బల్బులన్నీ విప్పేసి దాచుకుందామనుకున్నాను!"

వుకాషిన్ చట్రం తీసుకుని ముందు వరస దగ్గరికి నడిచాడు. నెబోయ్షా తల్లి చేతిలో పెట్టాడు.

"ఇది మీవాడిది అమ్మా. మీ గోడకి తగిలించుకోండి. వచ్చేసారి ఇది నిజమవుతుంది."

హాలంతా చట్రంమీది పేరు చూసింది. ఒలివెరా నేల చూసింది. నెబోయ్షా చెవులు ఎర్రబడ్డాయి. "అమ్మా, టోపీ బావుంది" అని మాత్రం అన్నాడు. ఆవిడ చట్రాన్ని గుండెకు హత్తుకుని, "తర్వాతంటే ఎప్పుడో అనుకున్నాను, ఇప్పుడే ఇచ్చారే!" అని మురిసిపోయింది. ఆమెకు తప్ప ఆ హాల్లో ఇంకెవరికీ తినాలనిపించలేదు. కాసేపటికి అందరికీ అనిపించింది. బోజా కత్తి అలాంటిది.

వుకాషిన్ పదవి తీసుకున్నాడు. తనదే కాబట్టి తీసుకున్నాడు. ఎవరికీ కృతజ్ఞత చెప్పలేదు.

నెబోయ్షా రెండు పళ్ళేలతో వచ్చి పక్కన కూర్చున్నాడు. ఒలివెరా, మిలుంకా, బోజా కూడా చుట్టూ చేరారు. మేళంవాళ్ళు సైతం బాకాలు దించి చెవులు రిక్కించారు.

"ఒక్కటి చెప్పండి పెద్దాయనా" అన్నాడు నెబోయ్షా. "మేడమ్ మధ్యాహ్నం దాకా నా పేరే అనుకుంది. అది మారుతుందని నాకే తెలీదు, ఆమెకే తెలీదు. మీరు పొద్దున్నే గొర్రెపిల్లని కాల్చమని ఎలా చెప్పగలిగారు? ఎలా ఊహించారు?"

అందరూ ఆయన నోటివైపు చూశారు. ముప్ఫై ఏళ్ళుగా ఆ ప్రశ్న ఎవరైనా అడుగుతారేమోనని చూసిన మనిషి ఆయన.

"ఈ సంగతి నా దగ్గర ఇంకెప్పుడూ ఎత్తకండి. నేనూ ఎత్తను" అన్నాడు వుకాషిన్, ఉప్పు అందుకుంటూ.